సుల్తాన్ బజార్ పాత ఇల్లు: తలుపులు ఊడదీశారు, కాలేజీ పిల్లలం ముందు ఏ పని చేయాలి?

సందుచివర
మేం మొత్తం 11 మందిమి. తొమ్మిది మంది ఆర్కిటెక్చర్ మూడో ఏడు, ఇద్దరు లా. హైదరాబాద్ సుల్తాన్ బజార్ వెనక సందులో రెండంతస్తుల పాత ఇల్లు ఒకటుంది. కింద నాలుగు మల్గీలు (దుకాణాల గదులు), పైన ఉండే కుటుంబం ఖాళీ చేసి ఏడాదైంది. వరండాకు పోత ఇనుప స్తంభాలు, పైకప్పు జాక్ ఆర్చి (ఇనుప గర్డర్ల మధ్య ఇటుక ఆర్చిలు), వీధివైపు గచ్చుతో చేసిన పూలపని. పది రోజుల కింద పై అంతస్తు తలుపులు, చౌకట్లు ట్రాలీ ఆటోలో వెళ్లిపోయాయి. గ్రూపులో సగం మంది ఆన్‌లైన్ సంతకాలు అంటున్నారు, సగం మంది ధర్నా అంటున్నారు. హెరిటేజ్ జాబితాలో ఈ ఇల్లు ఉన్నట్టు కనబడలేదు. జాబితాలో లేకపోతే ఇక ఆశ వదులుకోవడమేనా? ఏ పని ముందు, ఏది తరవాత?

కాజ్‌లిస్ట్
చౌకట్లు పోయాయంటే పని మొదలైందనే లెక్క. పాత ఇల్లు కూల్చే కాంట్రాక్టరు ముందు టేకు తీస్తాడు, ఆ తరవాత ఇనుప గర్డర్లు, ఇటుక చివర్న. టేకు, ఇనుము అమ్మగా వచ్చే డబ్బు మీదే అతని బేరం నడుస్తుంది. గర్డర్లు లాగితే కప్పు పోతుంది, కప్పు పోయాక కోర్టులో "అక్కడ ఇల్లేముంది, నాలుగు గోడలే కదా" అంటారు. అందుకని మీకున్న సమయం నెలల్లో లేదు, వారాల్లో ఉంది.

సంతకాలు చివర్న. వాటికి పత్రికల్లో విలువ ఉంటుంది గానీ ఫైల్లో ఉండదు. నా వరస ఇది: ఈ రోజు ఫొటోలు, రేపు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), రెండు రోజుల్లో జీహెచ్ఎంసీకి వినతిపత్రం, ఆ తరవాతే ఆర్టీఐ.

ఈసీ ఎందుకంటే, అది తీసినట్టు యజమానికి తెలియదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు దొరుకుతాయి. ఇంటి నంబరు మీద వెతకండి. పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉంటుంది, రెండూ వేసి చూడాలి, ఒకటే వేసి "ఏమీ లేదు" అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. నంబర్లు తెలియకపోతే మల్గీలో ఆస్తిపన్ను రశీదు అడగండి, దాని మీద పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు నంబరు) కూడా ఉంటుంది. ఈసీలో అమ్మకం ఉందా, తనఖా ఉందా, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టే అధికారం బిల్డరుకు రాసిచ్చే ఒప్పందం) ఉందా చూడండి. మూడోది ఉంటే మీరు మాట్లాడాల్సింది ఇంటివాళ్లతో మాత్రమే కాదు, బిల్డరుతో కూడా.

పాతజీవో
జాబితా సంగతి సగం తెలిసి చెప్పేవాళ్లు ఎక్కువ కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పట్టణ వారసత్వ కట్టడాలకు నిబంధనలు మొదట బొంబాయిలో 1995లో వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో జీవో 542తో హుడా (ఇప్పటి హెచ్ఎండీఏకు ముందున్న హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ రెగ్యులేషన్లలో వారసత్వ కట్టడాల కోసం 13వ నిబంధన చేర్చారు. జాబితా 1998లో జీవో 102తో వచ్చింది, తరవాత చేర్పులతో కలిపి 150కి పైగా కట్టడాలయ్యాయి. 2015 డిసెంబరులో జీవో 183తో ఆ 13వ నిబంధననే ఎత్తేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. పాత జాబితాలోని ప్రైవేటు ఇళ్లన్నీ కొత్త చట్టం కిందికి వాటంతట అవే వచ్చేశాయనుకోవద్దు. "జీవో 102లో ఉంది, ఎవరూ ముట్టుకోలేరు" అని పోస్టరు మీద రాస్తే ఎదుటి వకీలు ఒక్క వాక్యంలో కొట్టేస్తాడు.

అలాగని ఆ జాబితా చిత్తుకాగితమూ కాదు. ఆ జాబితాలోని ఎర్రమంజిల్ చూడండి. అసెంబ్లీకి కొత్త భవనం కట్టడానికి దాన్ని కూల్చాలని 2019 జూన్ 18న క్యాబినెట్ తీర్మానించింది. జూన్ 27న శంకుస్థాపన కూడా అయింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్ అది, నూటయాభైకి పైగా గదులు. కానీ కేసు గదుల మీదో గచ్చు మీదో గెలవలేదు. హెచ్ఎండీఏ చట్టం, జోనింగ్ నిబంధనలు చెప్పిన పద్ధతి పాటించకుండా నిర్ణయం తీసుకున్నారన్న దాని మీద గెలిచింది. మీ ఇంటికి కూడా వెతకాల్సింది అదే: ఏ అనుమతి తీసుకోవాలి, అది తీసుకున్నారా లేదా.

సందుచివర
సార్, చార్మినార్ చుట్టూ కట్టకూడదనే రూలు మా ఇంటికి వర్తిస్తుందా?

పాతజీవో
సుల్తాన్ బజార్ చాలా దూరం, రాదు. కానీ పత్తర్‌గట్టీ, లాడ్ బజార్ వైపు పనిచేసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, కేంద్ర పురాతన కట్టడాల చట్టం 2010 సవరణ ప్రకారం. కొలత మినారు మధ్య నుంచి కాదు, రక్షిత హద్దు అంచు నుంచి. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు, కొత్తగా కట్టడం కుదరదు. అంటే అక్కడ పాత ఇల్లు కూల్చిన యజమానికి మిగిలేది ఖాళీ జాగా. ఈ ముక్క చాలామంది యజమానులకు తెలియదు. ధర్నా కన్నా ముందు వాళ్లకు ఈ కాగితం చూపిస్తే చాలు, సగం కేసులు అక్కడే ఆగుతాయి.

నీలిప్రింటు
ఫొటోలు, కొలతలు ఎలా తీయాలో చెప్తాను. విద్యార్థుల పని ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఫొటోలు పొద్దున ఏడు, తొమ్మిది మధ్య తీయండి. దుకాణాలు తెరిచాక గొడుగులు, తోపుడు బండ్లు, వేలాడే చీరల వెనక గోడ కనబడదు. ఫోన్లో వైడ్ లెన్సు వద్దు, 1ఎక్స్‌లోనే తీయండి. ఎదురు అరుగు మీద నుంచి ఒక మీటరు చొప్పున జరుగుతూ, ఒక ఫొటోలో ఉన్నదాంట్లో మూడొంతులకు పైగా పక్క ఫొటోలోనూ ఉండేలా తీస్తే తరవాత ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీసే) సాఫ్ట్‌వేర్‌లో ముఖభాగం మొత్తం కొలతకు వస్తుంది. స్కేలు కోసం గోడకు ఆనించి రెండు మీటర్ల పట్టీ పెట్టండి. నలుపు తెలుపు గళ్లు 10 సెంటీమీటర్లకొకటి. అది కుదరకపోతే ఒక మల్గీ షట్టరు వెడల్పు, పది ఇటుక వరసల ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి.

లోపలికి అనుమతి దొరికితే నలుగురు చాలు: టేపు మొదట ఒకరు, చివర ఒకరు, రాసేవారు ఒకరు, ఫొటో ఒకరు. 30 మీటర్ల టేపు, లేజర్ మీటరు, గుండు దారం, నీళ్ల ట్యూబు. గోడ మీద కొలతలన్నీ ఒకే మూల నుంచి వరసగా చదవాలి: తలుపు మొదలు 1.12, తలుపు చివర 2.15, కిటికీ మొదలు 3.40, ఇలా. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే ప్రతి ముక్కలో రెండు మిల్లీమీటర్ల తప్పు పోగై చివరికి గది మూసుకోదు. ప్రతి గదికీ రెండు కర్ణాలు తప్పనిసరి. పాత ఇళ్లలో మూలలు 90 డిగ్రీలు ఉండవు, కర్ణం లేకుండా గీసిన ప్లాను చక్కగా కనబడుతుంది గానీ అబద్ధం. గోడ మందం తలుపు దగ్గర కొలవండి. ఎత్తుకు మెట్ల లెక్క సరిచూపు: మెట్టు ఎత్తు, మెట్ల సంఖ్య గుణిస్తే అంతస్తు ఎత్తు రావాలి. ప్లాను 1:50, గచ్చు పని వివరాలు 1:10. ఈ ఇల్లు రెండు రోజుల పని, మూడో రోజు గీయడం.

గీసింది అదే రోజు సరిచూసుకోండి. వారం తరవాత కొలత తప్పిందని తెలిస్తే మళ్లీ కొలవడానికి గోడ ఉండకపోవచ్చు.

కాజ్‌లిస్ట్
దీనికి ఒక చేర్పు. ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుని దాచుకోవద్దు. వాట్సాప్ ఫొటో సైజు తగ్గిస్తుంది, తీసిన తేదీ, చోటు సమాచారం చెరిపేస్తుంది. అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ డ్రైవ్‌లోకి. అదే రోజు ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైల్లో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి టెక్స్ట్ ఫైల్లో పెట్టండి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ ఆధారానికి 63(4) సర్టిఫికెట్ కావాలి. పార్ట్ ఎ తీసినవాళ్లు ఇస్తారు, పార్ట్ బి నిపుణుడు ఇస్తాడు, దాంట్లో హ్యాష్ విలువ రాయాలి. రిట్‌లో (హైకోర్టులో వేసే పిటిషన్‌లో) ప్రతిసారీ అంత దూరం పోదు, కానీ ఎదుటివాళ్లు "ఈ ఫొటో ఎప్పటిదో" అన్నప్పుడు జవాబు చేతిలో ఉండాలి.

ఇంకోటి. అనుమతి లేకుండా ఖాళీ ఇంట్లోకి దూరితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 329 కింద అక్రమ ప్రవేశం కేసు పెట్టొచ్చు. గేటు తెరిచి ఉంది కదా అని వెళ్లడం కూడా అంతే. వీధి నుంచి కనబడేది చాలు, లోపలికి యజమాని రాతపూర్వక అనుమతితోనే.

బాకీలెక్క
అందరూ బాగానే చెప్తున్నారు. ఇల్లుగలవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్కో పాత ఇంటికి ఎనిమిది, తొమ్మిది మంది వారసులు. సగం మంది ఊళ్లోనే ఉండరు. కింద మల్గీల కిరాయి తాతల కాలం నాటిది. కప్పు కారితే బాగుచేయించడానికి ఒకరు డబ్బు తీస్తే మిగతా ఎనిమిది మంది తీయరు. బిల్డరు వచ్చి తలా ఒక ఫ్లాటు అంటాడు. మీరు వచ్చి "మన వారసత్వం" అంటారు. ఎవరి వారసత్వం? పన్ను ఎవరు కడుతున్నారు?

గచ్చుపని
సార్ అడిగింది న్యాయమే. ఆ ప్రశ్నకు సమాధానం లేకుండా పోస్టర్లు పట్టుకుపోతే ఆ కుటుంబం మిమ్మల్ని శత్రువుల కిందే చూస్తుంది, ఆ రోజు నుంచి తలుపు తియ్యదు.

వాళ్లకు ఇవ్వగలిగిందేంటో లెక్క కట్టుకుని వెళ్లండి. ముందు భాగం రెండు అంకణాలు, వరండా ఉంచి వెనక కట్టుకునే ప్లాను ఒకటి మీరే గీసి చూపించండి. ఎన్ని గజాలు పోతాయి, ఎన్ని మిగులుతాయి, అంకెల్లో. హెరిటేజ్ కట్టడం నిలుపుకున్నందుకు టీడీఆర్ (ఇక్కడ వదులుకున్న కట్టుబడికి బదులు వేరేచోట వాడుకునే, అమ్ముకునే హక్కు) వస్తుందా అని టౌన్ ప్లానింగ్‌లో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మొద్దు. చౌమహల్లాకు 2010లో యునెస్కో అవార్డు వచ్చింది, మొజంజాహీ మార్కెట్ బాగుపడి 2020 ఆగస్టులో తెరుచుకుంది అని ఉదాహరణలు చెప్పకండి. ఒకటి నిజాం కుటుంబం ప్యాలెస్, ఇంకోటి సర్కారు మార్కెట్. తొమ్మిది మంది వారసుల ఇంటికి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

గోడకురాసుకో
కంచ గచ్చిబౌలిలో యూనివర్సిటీ పక్క చెట్లు కొట్టేసిన సంగతి గుర్తుంది కదా. 2025 మార్చి 30 ఉగాది, 31 రంజాన్. జేసీబీలు సరిగ్గా ఆ సెలవుల్లోనే దిగాయి. హైకోర్టు ఏప్రిల్ 2న, సుప్రీంకోర్టు 3న ఆపే లోపు చాలా చెట్లు పోయాయి. పాత ఇళ్లకూ ఇదే లెక్క. శనివారం సాయంత్రం మొదలుపెడితే సోమవారం పదిన్నరకు కోర్టు కూర్చునే లోపు పని అయిపోతుంది. క్యాలెండర్లో వరస సెలవులకు గుండ్రాలు చుట్టి, ఆ రోజుల్లో ఇద్దరు చొప్పున వంతులేసుకోండి. ఎదురు టీకొట్టు వాడి నంబరు తీసుకోండి. అతని కంటే ముందు ఎవరికీ తెలియదు.

కాజ్‌లిస్ట్
ఇందుకే పిటిషన్ ముందే తయారుగా ఉండాలి. తేదీ, కూల్చివేత వివరాలు మాత్రం ఖాళీ పెట్టి. అత్యవసరమైతే లంచ్ మోషన్ (అదే రోజు వినమని అడగడం), కోర్టు సెలవైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గర వినమని అడగడం). అదే రోజు వినమని అడగాలంటే పిటిషన్, అఫిడవిట్, ఫొటోలు, వినతిపత్రం రశీదు, ఈసీ అన్నీ పేజీ నంబర్లతో అప్పటికే కట్టి ఉండాలి. ఆ రోజు కూర్చుని రాస్తే అయ్యే పని కాదు.

రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద రిట్‌కు వినతిపత్రం ప్రాణం. "ఫలానా తేదీన అధికారికి చెప్పాం, ఆయన ఏమీ చేయలేదు" అన్న మాట మీదే మాండమస్ (అధికారి తన పని చేయాలన్న కోర్టు ఆదేశం) అడుగుతారు. వినతిపత్రం లేకుండా నేరుగా వెళ్తే "ముందు అధికారి దగ్గరికి వెళ్లండి" అని పంపేస్తారు. మూడు చోట్ల ఇవ్వండి: జీహెచ్ఎంసీ సర్కిల్ టౌన్ ప్లానింగ్, కమిషనర్ పేషీ, హెచ్ఎండీఏ. ప్రతి కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర, నంబరు, తేదీ. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో.

రాతలో భావోద్వేగం వద్దు. ఇలా చాలు:

"ఇంటి నంబరు ___ గల రెండంతస్తుల సున్నపు కట్టడం పై అంతస్తు తలుపులు, చౌకట్లు ___ తేదీన తొలగించారు (ఫొటోలు 1 నుంచి 6). కూల్చివేతకు గానీ, నిర్మాణానికి గానీ అనుమతి ఇచ్చినదీ లేనిదీ తెలుపగలరు. అనుమతి లేనిపక్షంలో పని తక్షణం ఆపించగలరు. కట్టడం ప్రమాదకరమని జీహెచ్ఎంసీ చట్టం 456వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి ఉంటే, దాని నకలు, దానికి ఆధారమైన ఇంజనీరు నివేదిక ఇప్పించగలరు."

ఆ 456 మరవొద్దు. వానాకాలం ముందు జీహెచ్ఎంసీ శిథిల భవనాల సర్వే చేస్తుంది. కూల్చాలనుకున్న యజమాని తానే "ప్రమాదకరంగా ఉంది" అని రాసిచ్చి ఆ నోటీసు తెచ్చుకుంటే అదే అనుమతి కింద చెలామణి అవుతుంది.

గచ్చుపని
ఆ ఇంజనీరు నివేదిక ఎలా చదవాలో చెప్తాను, ఇది నా రోజువారీ పని.

సున్నపు గోడల ఇంటికి వచ్చే రిపోర్టుల్లో తరచుగా కనబడేవి రీబౌండ్ హ్యామర్ (సుత్తి తగిలి ఎంత వెనక్కి ఎగురుతుందో చూసేది), అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) రీడింగులు. ఆ రెండు పరీక్షలూ కాంక్రీటు కోసం రాసిన ఐఎస్ కోడులవి (భారత ప్రమాణాలవి). డంగు సున్నం, ఇటుక గోడ మీద ప్లాస్టరు పైనే సుత్తి కొట్టి "బలం తక్కువ" అని రాస్తే దానికి అర్థం లేదు. సున్నం మెత్తగా ఉండటం దాని గుణం. అందుకే ఆ గోడలు ఒకటిన్నర, రెండడుగుల మందం కడతారు. కట్టడం ఎంత బరువు మోస్తోందో తెలియాలంటే ఫ్లాట్ జాక్ పరీక్ష ఉంది. ఇటుక వరసల మధ్య కీలులో సన్నని గాడి కోసి, పల్చని స్టీలు దిండు పెట్టి నూనె ఒత్తిడితో మళ్లీ మునుపటి దూరానికి తెస్తారు. రిపోర్టులో అది లేదా? గర్డరు చివరలు గోడలో ఎలా ఉన్నాయో తెరిచి చూసిన ఫొటో లేదా? అయితే అది చూసి రాసిన రిపోర్టు కాదు.

సున్నమా సిమెంటా తెలుసుకోవడానికి మేకు చాలు. కీలులో గీస్తే సున్నం తెల్లగానో, సుర్ఖీ (ఇటుక పొడి) కలిస్తే కొంచెం ఎర్రగానో పొడి రాలుతుంది. సిమెంటు బూడిదరంగు, మేకు జారుతుంది. వెనిగర్ వేస్తే నురుగు వస్తుంది కదా అనే చిట్కా నమ్మొద్దు, పాత సిమెంటు కూడా నురుగు కక్కుతుంది.

పగుళ్లకు గాజు పట్టీ పెట్టండి. మైక్రోస్కోపు స్లైడు, 75 బై 25 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు మందం. పగులుకు అడ్డంగా పెట్టి రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద. మధ్యలో ముద్ద అంటకూడదు. సున్నపు రంగు మీద కాదు, రంగు గీరేసి ఇటుక కనబడ్డాక అతికించాలి, లేకపోతే పెచ్చు ఊడి పడి "గోడ కదిలింది" అనుకుంటారు. స్లైడు మీద మార్కరుతో తేదీ. విరిగితే పగులు బతికుంది, విరగకపోతే ఎప్పటిదో పాత పగులు. దానితో పాటు రెండు వైపులా ఒక్కో స్క్రూ దించి 15 రోజులకోసారి వెర్నియర్‌తో దూరం కొలవండి. 5 మిల్లీమీటర్ల లోపు పగుళ్లకు ఇల్లు కూల్చడం అంటే చుండ్రుకు తల నరకడమే. 15 దాటితే నిజంగానే కంగారుపడాలి, 25 దాటితే కింద మల్గీల వాళ్లను ముందు ఖాళీ చేయించాలి, అప్పుడు వారసత్వం మాట ఎత్తకండి.

సందుచివర
అన్నా, పైకప్పు మీద ఓ మూల నీళ్లు నిలబడి ఉన్నాయి, పక్క డాబా మీద నుంచి చూశాం. ఒక రావి మొక్క కూడా.

గచ్చుపని
అసలు కూల్చివేత అదే, చప్పుడు లేకుండా. జేసీబీ ఒక రాత్రి పని, మూసుకుపోయిన తూము రెండు వానాకాలాల పని, ఫలితం ఒకటే. తూములో ఆకులో, గుడ్డ పేలికో ఇరుక్కుంటుంది, లేదా ఎవరో ఇరికిస్తారు. నీళ్లు సున్నంలోంచి దిగి గర్డరు పైభాగానికి చేరతాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి రెండు పక్కలా ఆర్చి ఇటుకను నెడుతుంది. కింద నుంచి చూస్తే గర్డరు పొడవునా ఎర్రటి గీత, దాని పక్కనే సన్నని పగులు. మద్రాస్ టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు) అయితే టేకు దూలం గోడలోకి వెళ్లే చివర కుళ్లుతుంది, బయటికి ఏమీ కనబడదు, స్క్రూడ్రైవరుతో గుచ్చితే లోపలికి దిగిపోతుంది.

యజమాని ఒప్పుకుంటే మొదటి పని తూము. ఖర్చు శూన్యం, మనుషులు ఇద్దరు. రావి మొక్కను పీకొద్దు. వేరు కీలులో పట్టుకుని ఉంటుంది, పీకితే నాలుగు ఇటుకలు దానితో వస్తాయి. కాండం కోసి, కోసిన చోట గ్లైఫోసేట్ (కలుపుమందు) బ్రష్‌తో రాసి వదిలేయండి. వేరు ఎండాక గాడి శుభ్రం చేసి సున్నంతో మూయాలి, సిమెంటుతో కాదు. తాత్కాలికంగా ఆపు కావాలంటే గర్డరు కింద ఆక్రో ప్రాపులు (ఎత్తు మార్చుకునే ఇనుప ఆపులు), పైనా కిందా పలక వేసి. ఆర్చి ఇటుక కింద పెట్టి బిగిస్తే ఆర్చి పైకి తన్నుకుని విడిపోతుంది. గర్డరు కిందే పెట్టాలి. ఇది ఇంజనీరు దగ్గరుండి చేయించాల్సిన పని, వీడియో చూసి చేసేది కాదు.

గోదారిగట్టు
మాది రాజమండ్రి అండి. ఇదంతా మాకు పనికొస్తుందా?

పాతజీవో
హుడా జీవోలు, జీహెచ్ఎంసీ సెక్షన్లు, తెలంగాణ చట్టం రావు. ఆర్టీఐ, 226, కేంద్ర రక్షిత కట్టడాల 100, 200 మీటర్ల లెక్క, కొలతల పని అన్నీ మీకూ అంతే. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం మీకుంది. హైకోర్టు మాత్రం అమరావతిలో.

కాజ్‌లిస్ట్
ఆర్టీఐ గురించి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోతే లేదా తప్పుగా వస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తరవాత 90 రోజుల్లో కమిషన్‌కు. "ఎందుకు అనుమతిచ్చారు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు, "సమాచారం లేదు" అని తిరిగొస్తుంది. కాగితం పేరు పెట్టి అడగండి: దరఖాస్తు నకలు, నోట్ ఫైలు నకలు, 456 నోటీసు నకలు, ఫైలు తనిఖీకి తేదీ. తనిఖీ మొదటి గంట ఉచితం, ఆ తరవాత ప్రతి పావుగంటకు ఐదు రూపాయలు. తనిఖీకి వెళ్తే మీరు అడగడం తెలియని కాగితాలు కూడా కంటబడతాయి, నకళ్ల కన్నా ఇదే మేలు.

ఒక చిక్కుంది. ప్రైవేటు వ్యక్తి ఇచ్చిన ప్లాను అడిగితే సెక్షన్ 11 కింద యజమానికి నోటీసు పోవచ్చు. గడువు 40 రోజులకు సాగుతుంది, పైగా మీరు అడుగుతున్నారని అతనికి తెలిసిపోతుంది. అందుకే మొదట్లో అన్నాను, ఫొటోలు, కొలతలు, ఈసీ అయ్యాకే ఆర్టీఐ.

మెట్రోపిల్లర్
రోడ్డు వెడల్పు, మెట్రో కోసం పోయే ఇళ్ల దారి వేరు. గోడ మీద ఎర్ర మార్కింగ్ పడితే ముందు అది దేనికిందో కనుక్కోండి. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. కానీ దాంట్లో ఆసక్తి గల వ్యక్తే ఇవ్వాలి, అంటే యజమానో, హక్కున్న కిరాయిదారో. విద్యార్థి సంఘం పేరుతో ఇస్తే పక్కన పెడతారు. మీరు రాసి పెట్టండి, సంతకం వాళ్లతో చేయించండి.

గోడకురాసుకో
ధర్నా పూర్తిగా మానేయమంటారా అందరూ? కనబడకపోతే కదలరు కదా.

నీలిప్రింటు
మానొద్దు, రూపం మార్చండి. ఆదివారం పొద్దున ఎదురు అరుగు మీద పదిహేను మంది కూర్చుని బొమ్మలు గీయడం. నినాదాలుండవు, బండ్లు ఆగవు, ఠాణాకు ముందురోజు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. అప్పుడే ఆ సందులో సమావేశాలపై నిషేధాజ్ఞ ఉందేమో కూడా కనుక్కోండి. గీసిన కాగితాలు ఆ మల్గీల్లోనే నెలపాటు అతికించండి. పోస్టరు మీద బిల్డరు పేరు, యజమాని పేరు రాయొద్దు, పరువునష్టం నోటీసు వస్తే ఉద్యమం ఆగి మీరు వకీళ్ల చుట్టూ తిరుగుతారు.

ఉస్మానియా ఆసుపత్రి గొడవ నుంచి ఒకటి నేర్చుకోవాలి. 1925లో ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ కట్టిన భవనం. 2015లో కూల్చుతామన్నప్పుడు మరమ్మతుతో నిలబడుతుందని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు చెప్పారు. 2020 జులైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాక పేషెంట్లు ఒకవైపు, భవనం ఒకవైపు అయిపోయింది వాదన. కొత్త ఆసుపత్రి వేరే చోట, పాత భవనం పాత చోట అన్న మాట మొదటి రోజు నుంచీ గట్టిగా వినిపించి ఉంటే అంత సాగేది కాదు. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన అయింది. మీ ఇంట్లోనూ కింద నాలుగు మల్గీలవాళ్లున్నారు. వాళ్ల బతుకుతెరువు మీ వినతిపత్రంలో లేకపోతే వాళ్లు బిల్డరు వైపే నిలబడతారు.

పాతజీవో
ఇల్లు ఎంత పాతదో చెప్పడానికి: 1908 మూసీ వరదల తరవాత 1912-15 మధ్య లెనార్డ్ మన్ తీయించిన మున్సిపల్ సర్వే పటాలున్నాయి. ఒక్కో ఇంటి ఆకారం గీసి ఉంటుంది. స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. మీరు గీసిన ప్లానును ఆ పటం మీద పెట్టి చూడండి. వరండా, చౌక్ (ఇంటి నడిమి ఖాళీ జాగా) సరిపోతే నూరేళ్లు దాటిందన్నదానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. సరిపోకపోతే "నిజాం కాలం నాటిది" అని రాయొద్దు.

సందుచివర
వారం పని ఇది. పటంలో వరండా ఉంది, చౌక్ ఉంది, వెనక రెండు గదులు లేవు, తరవాత కట్టినట్టున్నారు. ముఖభాగం 1:50 అయిపోయింది. ఈసీలో పాత నంబరు మీద ఏమీ లేదు, కొత్త నంబరు మీద రెండేళ్ల కింద డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఉంది. వారసుల్లో ఏడుగురి సంతకాలే కనబడుతున్నాయి. మల్గీవాళ్లు చెప్పిన ప్రకారం వారసులు ఎనిమిది మంది.

కాజ్‌లిస్ట్
ఆ ఎనిమిదో మనిషి ఎవరో కనుక్కోండి. విభజన కాని ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు సంతకం లేకపోతే సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేసి ఇంజంక్షన్ (పని ఆపే ఉత్తర్వు) అడిగే హక్కు ఆ వాటాదారుకుంది. అది మీ పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) కన్నా బలమైన దారి. ఆ మనిషి ఇష్టం లేకుండా నెట్టొద్దు, సంగతి మాత్రం తెలియజేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లకు లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఎటు నుంచి స్టేటస్ కో వచ్చినా, పిటిషన్‌కు ఆ రోజు ఫొటోలు జత ఉండాలి. "యథాతథ స్థితి" అంటే ఏ స్థితి అన్నది తరవాత గొడవ రాకూడదు. ఆర్డరు కాపీ అదే సాయంత్రం టౌన్ ప్లానింగ్‌కు, ఠాణాకు, బిల్డరుకు చేతికిచ్చి సంతకం తీసుకోండి. ఆర్డరు అందలేదన్నవాడి మీద ధిక్కరణ నిలబడదు. ధిక్కరణకు గడువు ఏడాదే.

బాకీలెక్క
ఆ ఎనిమిదో మనిషి ఆడబిడ్డే అయి ఎక్కడో దూరాన ఉంటే, అందరూ ఫ్లాట్లకు ఒప్పుకున్నాక ఆమె ఒక్కర్తినీ ఎగదోసి అన్నదమ్ములతో గొడవపెట్టడం మీ పనా?

కాజ్‌లిస్ట్
కాదు. ఆమెకు తెలియకుండా ఆమె వాటా పోవడం కూడా సరికాదు. ఈసీ ఎవరైనా తీసుకోగల కాగితం. నకలు ఆమెకు పంపండి, అంతకు మించి ఒక్క మాట కూడా రాయకండి.

సందుచివర
పంపాం. వినతిపత్రాలు మూడూ ఇచ్చాం, రెండింటికి ముద్ర పడింది, మూడోది పోస్టులో వెళ్లింది. తూము శుభ్రం చేసుకోవడానికి ఆ కుటుంబం పెద్దాయన ఒప్పుకున్నారు, ప్లాను చూపించాక. రావి మొక్క రేపు కోస్తాం.

గచ్చుపని
కోసేముందు ఫొటో తీయండి, స్కేలు పట్టీ పక్కన పెట్టి. తూములోంచి ఏం బయటికి వచ్చిందో అది కూడా.